అగారియా కొలిమి – బిలాస్‌పూర్ రైలుపట్టా

ఛత్తీస్‌గఢ్ మైదానంలో అరపా నది ఒడ్డున ఉన్న బిలాస్‌పూర్‌ను ఎరిగినవారందరూ దానిని ముందుగా రైలు పట్టణంగానే ఎరుగుదురు. బిలాసా అనే జాలరి వనిత పేరు మీద ఊరికి ఆ పేరు వచ్చినదని స్థానికుల ఐతిహ్యం. కాని ఊరికి ఇప్పటి రూపం ఇచ్చినది బెంగాల్ నాగపూర్ రైల్వే. నాగపూరు నుండి ఆసన్సోలుకు పోయే ప్రధాన మార్గం, ఉత్తరంగా కట్నీకి పోయే శాఖామార్గం ఇక్కడ కలుసుకొంటవి. 1891 నాటికి ఈ రెండు మార్గాలు సిద్ధమైనవి. బొగ్గు, ధాన్యం, కలప మోసే బండ్లకు ఈ ఊరు కూడలి అయినది. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్రస్థానం కూడ ఇదే అయినది.

కట్నీ దారి పట్టిన బండి కొంతదూరం వరిపొలాల నడుమ సాగి, ఖోంగ్‌సరా దాటిన తరువాత మైకల పర్వతాల అడవిలోనికి ఎక్కుతుంది. భన్వర్‌టోంక్ వద్ద సొరంగంలో దూరి పెండ్రా రోడ్డు చేరుతుంది. అరవై పైచిలుకు మైళ్ళ ఈ దారిలో ఇనుము చరిత్రలోని రెండు యుగాలు ఒకదానికొకటి ఎదురుపడినవి. బండి క్రింద, సముద్రాలు దాటి వచ్చిన ఉక్కుపట్టా ఉన్నది. ప్రక్కనున్న కొండల అడవులలో నడుమెత్తు లేని మట్టికొలిమి ఉండేది. ఆ కొలిమిని కట్టినవారు అగారియాలు. పట్టా కొలిమిని ఎట్లు జయించినది, ఓడిన కొలిమికి పట్టా ఏమి ఋణపడి ఉన్నది అన్న ప్రశ్నలకు సమాధానం భారతీయ లోహవిద్యా చరిత్రలో ఒక ముఖ్యమైన అధ్యాయం.

ఆకాశం నుండి రాలిపడే ఉల్కాశకలాలను మినహాయిస్తే, ఇనుము ప్రకృతిలో ఇనుముగా దొరకడం చాల అరుదు. ఎర్రని, నల్లని రాళ్ళలో ఆమ్లజనితో పెనవేసుకొని ఉంటుంది. ఆ బంధాన్ని విడదీయడమే ఇనుము తీయడం. బొగ్గు చాలినంత గాలి లేక మండినప్పుడు కర్బన మోనాక్సైడు అనే వాయువు పుడుతుంది. అది వేడెక్కిన రాతి నుండి ఆమ్లజనిని లాగుకొంటుంది. రాతిలో ఇనుము మిగులుతుంది. మట్టికొలిమిలోనైనా, నూరడుగుల బ్లాస్టు ఫర్నేసులోనైనా జరిగే పని మూలంలో ఇదే.

భేదమంతా వేడిమిలో ఉన్నది. స్వచ్ఛమైన ఇనుము కరగవలెనంటే 1,538 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమి కావలెను. కాలితో త్రొక్కే తిత్తులకు అంత వేడిమి పుట్టించే శక్తి లేదు. కాని ఆమ్లజనిని విడదీయడానికి అంత వేడిమి అక్కరలేదు. 1,200 డిగ్రీల ప్రాంతంలో రాతిలోని ఇసుక కొంత ఇనుమును కూడ కలుపుకొని చిట్టెమై కరిగి కారుతుంది. ఇనుము మాత్రం కరగక, తేనెపట్టువలె బొక్కలు బొక్కలుగా ముద్దకట్టి అడుగున నిలుస్తుంది. ఆ ముద్దను ఎర్రగా ఉన్నప్పుడే సమ్మెటతో మోదితే లోపలి చిట్టెం బయటికి చిమ్మి, మెత్తని చేత ఇనుము మిగులుతుంది. బ్లాస్టు ఫర్నేసులో కథ వేరు. అక్కడ ఇనుము బొగ్గులోని కర్బనాన్ని పీల్చుకొని, అందువలన తక్కువ వేడిమికే కరిగి, ప్రవాహంగా వెలువడుతుంది. అది పోత ఇనుము; దానిని మళ్ళీ శుద్ధిచేస్తే గాని ఉక్కు కాదు.

మైకల కొండలలో మొదటి పద్ధతిని తరతరాలుగా నిలుపుకొని వచ్చిన అగారియాలను గోండుల నుండి చీలిన శాఖగా పండితులు భావించినారు. ఆర్. వి. రస్సెల్, రాయ్ బహదూర్ హీరాలాల్ కలిసి 1916లో ప్రకటించిన మధ్యపరగణాల జాతుల, కులాల గ్రంథంలో వీరి వృత్తాంతం ఉన్నది. 1911 లెక్కల ప్రకారం ఆ పరగణాలలో వీరి సంఖ్య సుమారు 9,500. మండ్లా, రాయపూరు, బిలాస్‌పూర్ జిల్లాలకు చెందిన మైకల శ్రేణి వీరి నివాసం. వీరిలో పథరియాలు, ఖుంటియాలు అని రెండు తెగలు ఉండేవి. తిత్తులు కదలకుండ రాయి బరువు పెట్టేవారు పథరియాలు. మేకులు దిగగొట్టేవారు ఖుంటియాలు. తిత్తిని నిలిపే తీరును బట్టి తెగ ఏర్పడి, ఒక తెగతో మరొక తెగకు వివాహసంబంధం లేకపోవడాన్ని చూస్తే, పనికీ జీవితానికీ మధ్య వారికి ఎడం లేదని తెలుస్తుంది.

వారు ఇనుము తీసే క్రమాన్ని ఆ గ్రంథకర్తలు కొలతలతో సహా నమోదు చేసినారు. ముదురు ఎరుపు ఛాయగల రాళ్ళను ఏరి తెస్తారు. 16 శేర్ల రాతికి 15 శేర్ల బొగ్గు చొప్పున కొలిమిలో కలుపుతారు. పాదాలతో త్రొక్కే జంట తిత్తుల నుండి వెదురు గొట్టాల ద్వారా గాలి కొలిమిలోనికి పోతుంది. నాలుగు గంటలసేపు ఈ గాలి ఎడతెగక సాగవలెను. ఆ పైన కొలిమి మట్టిపూతను పగులగొట్టి, చిట్టెం, బొగ్గు అంటుకొని ఉన్న ముద్దను బయటికి లాగి సమ్మెటతో మోదుతారు. తుదకు చేతికి దక్కేది 3 శేర్ల మంచి ఇనుము. దానితో నాగటికర్రులు, గొడ్డళ్ళు, పలుగులు, కొడవళ్ళు చేస్తారు.

ఈ కొద్ది వాక్యాలలో ఎంత జ్ఞానం ఇమిడి ఉన్నదో ఆలోచించదగినది. ఏ రాయి మంచిదో రంగును, బరువును బట్టి తెలియవలెను. సాల మొదలైన గట్టికర్రల నుండి బొగ్గు కాల్చవలెను. మెత్తని కర్రబొగ్గు రాతి బరువుకు నలిగి గాలికి అడ్డుపడుతుంది. గాలి తక్కువైతే చిట్టెం కరగదు. ఎక్కువైతే బొగ్గు వృథాగా మండిపోతుంది. లోపలి వేడిమిని కొలిచే పరికరం ఏదీ లేదు. మంట రంగు, తిత్తి చప్పుడు, రంధ్రం నుండి కారే చిట్టెం చిక్కదనం, ఇవే సాక్ష్యాలు. తిత్తులను త్రొక్కే పని తరచు స్త్రీలది. వంచిన వెదురుబద్దకు కట్టిన త్రాడు ఒక తిత్తిని పైకి లేపుతుండగా రెండవదానిని పాదంతో అణచుతూ, గంటల తరబడి లయ తప్పకుండ ఆమె నడిచేది ఉన్నచోటనే.

ఈ విద్యకు గ్రంథం లేదు, కథలు ఉన్నవి. లోగుండీ రాజు పాలించిన లోహ్రీపురం తమ పూర్వుల నగరమని, సూర్యునితో వైరం వలన అది నాశనమైనదని అగారియాలు చెప్పుకొన్నారు. కొలిమిలో లోహాసురుడు, బొగ్గులో కోయలాసురుడు, నిప్పులో అగ్యాసురుడు నివసిస్తారని వారి నమ్మకం. పురాణాలలో అసురులు ఓడిపోయినవారు. ఇక్కడ వారే కులదేవతలు. రాయి, బొగ్గు, నిప్పు ఈ మూడింటిలో ఏది సరిపడకపోయినా ఇనుము పుట్టదు. ఆ మూడింటికీ వేరువేరుగా మ్రొక్కడంలో పనివాని అనుభవమే దైవరూపం ధరించినది. క్రొత్తగా తీసి, ఇంకా ఏ పనికీ వాడని ఇనుమును వారు కుఆరీ లోహా, అనగా కన్య ఇనుము, అన్నారు. దానికి కీడును తొలగించే మహిమ ఉన్నదని చుట్టుప్రక్కల వారందరూ నమ్మినారు.

గోండు రైతుకు నాగటికర్రు, బైగా అడవి మనిషికి గొడ్డలి ఈ కొలిముల నుండే అందినవి. పనిముట్టుకు బదులు ధాన్యం ముట్టేది. ఇటువంటి ఆర్థికవ్యవస్థలో సంపద పెరగదు. అగారియాలు ఏనాడూ ధనికులు కారు. కాని వారు అక్కరలేనివారు కూడ కారు.

రైలు రాకతో ఆ స్థితి మారినది. నాగపూరు నుండి రాజ్‌నాంద్‌గాఁవ్ వరకు 1880 దశకారంభంలో చిన్న పట్టాల మార్గం ఒకటి పడినది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ దానిని కొని, వెడల్పు చేసి, బిలాస్‌పూర్ మీదుగా తూర్పుకు పొడిగించినది. ఆనాడు ఉక్కుపట్టాలు చేసే కర్మాగారం భారతదేశంలో లేదు. ఇంగ్లండులో 1709లోనే అబ్రహాం డార్బీ కోక్‌బొగ్గుతో ఇనుము తీసినాడు. 1856లో హెన్రీ బెస్సెమర్ కరిగిన ఇనుములోనికి గాలి ఊది ఉక్కు చేసే మార్గం కనిపెట్టినాడు. ఆ తరువాత అక్కడ ఉక్కు విపరీతంగా చౌక అయినది. ఇనుపరాతి కొండల ప్రక్కనుండి పోయే రైలుకు పట్టాలు ఓడలలో వచ్చినవి.

పట్టాల మీద వచ్చిన సరకులలో కడ్డీలు, రేకులు, తుక్కు ఇనుము కూడ ఉన్నవి. బజారులో కడ్డీ కొన్న కమ్మరికి రాయి ఏరడం, బొగ్గు కాల్చడం, నాలుగు గంటలు తిత్తి త్రొక్కడం తప్పినవి. మూడు శేర్ల ఇనుముకు ఒక కుటుంబం పడే శ్రమతో ఆ ధర పోటీపడలేదు. ఇంతవరకు ఇది యంత్రానికీ చేతికీ జరిగిన పోటీ. కాని కొలిమి ఆరిపోవడానికి కారణం ధర ఒక్కటే కాదు.

1878 అటవీ చట్టం తరువాత విస్తారమైన అడవులు ప్రభుత్వ రక్షితాలైనవి. ఎక్కడ పడితే అక్కడ చెట్టు కొట్టి బొగ్గు కాల్చడం నేరమైనది. పైగా కొలిమికి ఇంత అని పన్ను ఉండేది. కొండకోనలలో రోజుకు మూడు శేర్ల ఇనుము తీసుకొనేవాడు ఆ పన్ను కట్టిన తరువాతనే తన మొదటి నాగటికర్రు అమ్ముకోవలసి వచ్చినది. అడవిని రక్షించవలెనన్న వాదంలో నిజం లేకపోలేదు. కొలిమికి బొగ్గు అపారంగా కావలసి ఉండేది. అయితే అదే అడవిలోని సాలవృక్షాలు రైలుపట్టాల క్రింద స్లీపరు దుంగలుగా లెక్కలేనన్ని పడినవి. చెట్టును కాపాడే చట్టం కొలిమి విషయంలో కఠినంగాను, రైలు విషయంలో ఉదారంగాను నడుచుకొన్నది.

ఈ కథ తెలుగువారికి పరాయిది కాదు. నిజామాబాదు ప్రాంతంలోని కోనసముద్రం ఒకప్పుడు ఉక్కుకు ప్రసిద్ధి. మట్టికొలిమిలో తీసిన ఇనుమునే అక్కడి కమ్మరులు మూసలో పెట్టి, మూతి మూసి, గంటల తరబడి కాల్చి ఉక్కుముద్దలు చేసేవారు. హెన్రీ వాయ్సీ ఆ పనిని స్వయంగా చూచి వ్రాసిన వర్ణన, అతని మరణానంతరం 1832లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వెలువడినది. ఆ ఉక్కును కొనడానికి పారశీక వర్తకులు అంతదూరం వచ్చేవారని అందులో ఉన్నది. ఈ జాతి ఉక్కును 1795లో జార్జి పియర్సన్ లండను రాయల్ సొసైటీ ఎదుట వూట్జ్ అన్న పేరుతో చర్చించినాడు. ఆ పేరుకు మూలం ద్రావిడభాషల ఉక్కు శబ్దమేనని పలువురి అభిప్రాయం. మైకేల్ ఫారడే వంటి శాస్త్రజ్ఞుడు దాని రహస్యం తెలుసుకోవడానికి ప్రయోగాలు చేసినాడు. అయినా కోనసముద్రం కొలిమి కూడ ఆరిపోయినది. ప్రపంచమంతా పొగడిన తెలంగాణా ఉక్కుకు, ఎవరూ ఎరుగని మైకల ఇనుముకు గతి ఒక్కటే అయినది.

బిలాస్‌పూర్‌లో తెలుగువారికి మరొక సంబంధం ఉన్నది. 1902లో తూర్పుతీరపు రైలుమార్గం ఉత్తరభాగం బెంగాల్ నాగపూర్ రైల్వే చేతికి వచ్చినది. 1931లో విజయనగరం నుండి రాయపూరుకు నేరుగా దారి ఏర్పడినది. విశాఖ, శ్రీకాకుళం ప్రాంతాల నుండి ఖరగ్‌పూరుకు పోయినట్లే, తెలుగు కుటుంబాలు బిలాస్‌పూర్ రైలు కాలనీలకు కూడ పోయి స్థిరపడినవి. పట్టా వేసే ముఠాలలో, లోకోషెడ్లలో, కార్యాలయాలలో వారు పనిచేసినారు. పొట్ట చేతపట్టుకొని పోయిన ఆ శ్రామికులకు, పట్టా రాకతో పని పోగొట్టుకొన్న అగారియాకు ఒకరి సంగతి ఒకరికి తెలిసే అవకాశం తక్కువ. కాని ఒకే రైలు ఒకరికి కూడు పెట్టినది. మరొకరి కూడు తీసినది. రైలు చరిత్ర వ్రాసేవారు ఈ రెండు లెక్కలూ ఒకే పుటలో వేయవలసి ఉన్నది.

ఇక ఋణం మాట. 1887లో భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థకు చెందిన ప్రమథనాథ బోసు, రాయపూరు జిల్లా పశ్చిమభాగపు ఇనుప పరిశ్రమ గురించి ఒక నివేదిక ప్రకటించినాడు. గమనించదగిన విషయమేమంటే, ఆనాడు అక్కడ ఇనుప పరిశ్రమ అనదగినది కొండజాతుల మట్టికొలుములే. కొలిమి ఎక్కడ ఉన్నదో అక్కడికి దాపున రాయి ఉన్నది. తరువాత దుర్గు జిల్లాలో చేరిన దల్లీ రాజహరా కొండల గొప్ప ఖనిజరాశి ఆ ప్రాంతంలోనిదే. బోసే 1904లో మయూర్‌భంజ్ సంస్థానంలోని గోరుమహిసానీ గనిని జంషెడ్జీ టాటాకు జాబు వ్రాసి సూచించినాడు. దాని ఫలితంగా సాక్చీలో కర్మాగారం వెలసి, 1911 డిసెంబరులో మొదటి ఇనుము, 1912 ఫిబ్రవరిలో మొదటి ఉక్కు వెలువడినవి.

దల్లీ రాజహరా మాత్రం స్వాతంత్ర్యం వరకు వేచి ఉన్నది. 1955లో సోవియట్ దేశంతో ఒప్పందం కుదిరి, భిలాయిలో ఉక్కు కర్మాగారం మొదలైనది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్టు ఫర్నేసును ప్రారంభించినారు. 1960లో పట్టాల మిల్లు పనిచేయసాగినది. బిలాస్‌పూర్ నుండి నూరు మైళ్ళ లోపుననే రాజహరా రాయి పట్టాగా మారి, దేశమంతటి రైలుమార్గాలకు చేరసాగినది. ఓడలలో వచ్చిన పట్టా వచ్చిన దారినే మరలిపోయినదనవచ్చు. కాని ఆ రాతిని మొదట ఇనుముగా ఎరిగినవారు ఇంజనీర్లు కారు. శాస్త్రజ్ఞుని పటానికి ముందు కొలిమివాని కాలిబాట ఉన్నది.

అట్లని మట్టికొలిమిని అతిగా పొగడడం కూడ చరిత్రకు అన్యాయమే. రాతిలో నూటికి అరవై పాళ్ళు ఇనుము ఉన్నదనుకొంటే, 16 శేర్ల రాతిలో తొమ్మిదిన్నర శేర్ల ఇనుము ఉండవలెను. చేతికి వచ్చినది 3 శేర్లు. తక్కినదంతా చిట్టెంలో పోయినది. ఒక్క గజం పట్టాకు సరిపడే ఇనుము తీయాలంటే అటువంటి కొలుములు పదైనా కావలెను. రైలుకు, వంతెనకు, యంత్రానికి అగారియా ఇనుము చాలదు. ఈ విషయంలో వాదానికి చోటు లేదు. వాదమంతా కొడవలి, గొడ్డలి, నాగటికర్రు గురించి. వాటికి ఆ ఇనుము చాలును; చాలునని శతాబ్దాల వాడుక నిరూపించినది. పెద్ద పనికి చాలనిదని, చిన్న పనికి కూడ దానిని తగనిదిగా చేసినది కొలిమి లోపం కాదు. పన్ను, చట్టం, ధర కలిసి చేసిన తీర్పు.

ఆ కొలిమి సూత్రం కూడ చచ్చిపోలేదు. నేడు రాయపూరు, రాయగఢ్, బిలాస్‌పూర్ ప్రాంతాలలో స్పాంజి ఇనుము కర్మాగారాలు పెక్కు ఉన్నవి. వాటిలో తిరిగే పొడవైన గొట్టపు కొలుములలో, రాతిని కరిగించకుండనే బొగ్గు సహాయంతో ఆమ్లజనిని తొలగించి, బొక్కలు బొక్కలుగా ఉండే ఇనుమును తీస్తారు. దానిని విద్యుత్ కొలిమిలో కరిగించి ఉక్కు చేస్తారు. చిట్టెం వేరుచేసే తీరు, పరిమాణం, పరికరం మారినవి. కరగకుండనే ఇనుము పుడుతుందన్న ఆ పాతసంగతి మారలేదు. రాయిని, బొగ్గును, గాలిని సరితూచడం వీరికి రసాయనశాస్త్రం. అగారియాకు లోహాసురుని, కోయలాసురుని, అగ్యాసురుని తృప్తిపరచడం.

1932లో మైకల కొండలకు వచ్చి గోండుల మధ్య కాపురమున్న వెరియర్ ఎల్విన్, అగారియాల మీద ఒక పూర్తి గ్రంథం వ్రాసి 1942లో ప్రకటించినాడు. అప్పటికే కొలుములు చాలవరకు ఆరిపోతున్నవి. కొలిమి ఆరిన అగారియా ఊరిలో దాగలి ముందు కూర్చొని బజారు ఇనుముకు పదును పెట్టినాడు. లేదా కూలి అయినాడు. మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్ షెడ్యూల్డు తెగల పట్టికలలో అగారియా పేరు ఉన్నది. వృత్తి నుండి పుట్టిన పేరు వృత్తి పోయిన తరువాత కూడ నిలిచినది.

రైలు కంపెనీ దస్తరాలలో డైరెక్టర్ల పేర్లు, ఇంజనీర్ల పేర్లు ఉన్నవి. భూవిజ్ఞాన నివేదికలలో కొండల పేర్లు ఉన్నవి. నాలుగు గంటలు తిత్తి త్రొక్కిన స్త్రీ పేరు ఏ పుటలోను లేదు. 16, 15, 3 అన్న శేర్ల లెక్క మాత్రమే మిగిలినది. భారతదేశపు ఉక్కు చరిత్రను 1907లో సాక్చీ నుండి ప్రారంభించేవారు ఆ మూడంకెలను మొదటి పుటలోనికి తేవలసి ఉన్నది. కొలుములు ఆరిన చోట్ల చిట్టెం కుప్పలు నేటికీ మట్టిలో దొరుకుతవి. నల్లగా, గాజువలె మెరిసే ఆ పెళ్ళలలో ఇనుము ఇంకా ఉన్నది. దానిని తీసినవారి చరిత్ర కూడ అట్లే సగం తీయబడి, సగం చిట్టెంలో మిగిలి ఉన్నది.